వేడినీళ్ళ ఉగ్గాని

మస్కట్‌లో మా హోటల్‌కు ఆరు బల్లలు, ఇరవై నాలుగు కుర్చీలు. పదకొండేళ్ళు నడిపాం. గది యజమాని ఒమానీ పెద్దాయన. అద్దె కాగితం మీద వెంటనే సంతకం పెట్టలేదు. "శుక్రవారం పొద్దున వచ్చి తిని చూస్తా. నచ్చకపోతే గది షవర్మావాడికి" అని మా ఆయనతో చెప్పి వెళ్ళాడు. అప్పటికే మా బల్లలు, పొయ్యిలు ఆ గదిలో దిగాయి.

శుక్రవారం అక్కడ సెలవు. అనంతపురం, తాడిపత్రి, రాయదుర్గం నుంచి పనికొచ్చిన మనవాళ్ళంతా ఆ పూట తీరిగ్గా ఉంటారు. అందుకని ఉగ్గాని, మిరపకాయ బజ్జీ చేయాలనుకున్నాం. ఉగ్గానికి కావాల్సిన బొరుగులు, అంటే మరమరాలు, ఊరి నుంచి తెచ్చుకున్నవే. నీళ్ళలో పోసి ముప్పై లెక్కపెట్టి పిండెయ్యాలని మా అమ్మ నేర్పింది. ఊళ్ళో నాకు ఆ లెక్క ఒక్కసారీ తప్పలేదు.

ఆ శుక్రవారం తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే కొళాయి తిప్పి, బొరుగులు పోసి, లెక్క మొదలుపెట్టాను. ముప్పై అనగానే చెయ్యి ముంచితే చుర్రుమంది. అది జూన్ నెల. మిద్దె మీది ట్యాంకులో నీళ్ళు రాత్రంతా చల్లారనే లేదు. ఊళ్ళో కడవ నీళ్ళకు కట్టిన లెక్కను నేను ఆ నీళ్ళకు పెట్టాను.

మా ఆయన గిన్నెలోకి తొంగిచూశాడు. "ఏమే, ముద్దయిపోయిండాది!"

"పారబోసి మళ్ళీ నానేస్తా."

"ఆయప్ప వచ్చి కూచోనుండాడు. తాలింపెయ్యి, ఇచ్చేస్తా."

పక్క బల్ల దగ్గరున్న తాడిపత్రి లారీ డ్రైవరు పళ్ళెం చూసి ఊరుకోలేదు. "ఏమక్కా, ఇది ఉగ్గానా, సంగటా? రోంత ఊరుబిండి పచ్చడి ఎయ్యి, ముద్ద మింగినట్ట మింగుతాం."

నాకు తల కొట్టేసినట్టయింది. పెద్దాయన మాత్రం మెల్లగా పళ్ళెం ఖాళీ చేసి, రెండోసారి పెట్టించుకున్నాడు. గోధుమలూ మాంసమూ మెత్తగా ఉడికించి వాళ్ళు చేసుకునే హరీస్ లాగే ఉందట. వాళ్ళమ్మ గుర్తొచ్చిందట.

"ఇది తప్పుగా చేసింది, అసలు ఉగ్గాని కాదని చెప్పండి" అన్నాను.

"సంతకం పెట్టినాక చెప్తాలే, నువ్వు బజ్జీలు చూసుకోపో" అన్నాడు మా ఆయన.

సంతకం అయింది. నేను ఫ్రిజ్ నీళ్ళలో నానేసి, సరిగ్గా చేసిన ఉగ్గాని తెచ్చి ఆయన ముందు పెట్టాను. రెండు ముద్దలు తిని పక్కకు జరిపాడు. "ఇది పావురాలకు బాగుంటుంది" అన్నాడు.

ఆనాటి నుంచి ప్రతి శుక్రవారం రెండు గిన్నెలు. మనవాళ్ళకు ఫ్రిజ్ చల్లనీళ్ళవి, వాటిలో నిదానంగా నానతాయి కాబట్టి లెక్క నలభై రెండు. ఆయనకు కొళాయి నీళ్ళవి, లెక్క ముప్పై. చలికాలంలో ఆయన కోసం నీళ్ళు కాచేదాన్ని. రంజాన్ నెలలు వదిలేస్తే, పదకొండేళ్ళలో ఆయన రానిది నాలుగు శుక్రవారాలే. ఆ నాలుగుసార్లూ ఆ ముద్ద మా ఆయనే తిన్నాడు. గిన్నె అడుగు కూడా గీకాడు గానీ, బాగుందని మాత్రం ఒక్కసారీ ఒప్పుకోలేదు.