అవుతలి ఒడ్డు లెక్క

పిట్టల సారు పోయిండన్న కబురు నాకు మొదలు తెచ్చింది మా ఆడబిడ్డ. కూరగాయల సంచి గడపల పెట్టి, "భాబీ, సారు ఇక లేడంట" అన్నది. "ఇన్నా లిల్లాహి" అనుకున్న, పొయ్యి మీది చాయ గిన్నె దించిన, చిక్కుడుకాయ ఈనెలు తీసుకుంట కూసున్న. ఏడుపు రాలే. దుఃఖం నాకెప్పుడూ ఆలస్యంగనే అందుతది.

సిద్దిపేటల మా పక్షుల సంఘం పెద్దదేం కాదు. డ్రాయింగు చెప్పే ఈ సారు, పోస్టాఫీసుల రిటైరైన ఒక పెద్దమనిషి, దర్జీ పని చేసే మా ఆయన, ఇంకో నలుగురు. అందరికీ కలిపి రెండు దుర్భిణులు. చలికాలం మన చెరువులకు వచ్చి, ఎండలు ముదరంగనే ఉత్తరానికి మళ్లే బాతులను ఏటేటా శివరాత్రి ఎల్లినంక ఒక ఆదివారం కోమటి చెరువు కాడ లెక్కవెట్టేటోళ్లు. తల మీద రెండు నల్ల గీతలుండే పెద్ద బాతులంటే మా ఆయనకు పానం. కట్ట మీద అందరు నిలవడేది, ముండ్లు, బురద ఉండే అవుతలి ఒడ్డున మా ఆయన ఒక్కడే. సారు గొడుగు విప్పితే రెండు దిక్కుల ఒక్కసారే లెక్క మొదలు, ముడిస్తే బంద్. ఒక ఒడ్డు ఖాళీగుంటే ఆ ఏటి లెక్కనే చెల్లదు.

తెలంగాణ ఉద్యమం ఉడుకుతున్న ఏడు మా ఆయన పోయిండు. భర్త పోయిన ఆడది గడప దాటని ఇద్దత్ గడువు తీరినంక గూడ నేను ఇంట్లనే ఉన్న. నమాజు చేసిన, గుండీలు కుట్టిన, ఆడబిడ్డ పెడితే తిన్న. ఆకలి అన్నదే తెల్వలే. సారు వచ్చి వాకిట్ల నిలవడ్డడు. "అమ్మా, ఆయన జాగల నువ్వు నిలవడాలె."

"నేను బడికి పోలే సారూ. మా అబ్బా ఇంట్ల నేర్పిన లెక్కలే."

"బాతులు గూడ బడికి పోలేదమ్మా."

ఆడబిడ్డ నవ్వింది. నాకు నవ్వు రాలే గని, ఆ ఆదివారం బుర్ఖా ఏసుకున్న.

ఆ పొద్దు ఉద్యమపోళ్లు బంద్ పిలిచిన్రు. ఆటోలు లేవు, ఆడబిడ్డ, నేను అవుతలి ఒడ్డుకు నడిచిపోయినం. పది బాతులకు, జపం చేసే తస్బీల ఒక పూస జరుపుతున్న. పూస జరిగినప్పుడల్ల అలవాటుకు నోట్లకెళ్లి "సుభానల్లా" వస్తుండె. "భాబీ, లెక్కవెడుతున్నవా, దువా చేస్తున్నవా?" అన్నది ఆడబిడ్డ. లోపల నాకేం అనిపిస్తలేదు. చెయ్యి దాని పని అది చేస్తున్నది.

సగం లెక్క కాంగనే కట్ట మీదికి ఉద్యమం ఊరేగింపు వచ్చింది. ఒక్క డప్పు దెబ్బకు బాతులన్ని మెడలు లేపినయి. సారు ఎదురుపోయిండు. ఏమన్నడో మాకు తర్వాత తెలిసింది. "సారూ, నీకు తెలంగాణ గావాల్నా, బాతులు గావాల్నా?" అని ముందల జెండా పట్టుకున్నాయన అడిగిండట. "అగో, అవుతలి ఒడ్డున ఒకామె నిలవడ్డది. మొగడు పోయినంక గిప్పుడే బయటికొచ్చింది. ఆమె లెక్క చెడగొట్టకుండ్రి" అన్నడట సారు. నాకు కనవడ్డది మాత్రం ఇంతే: డప్పులు సంకల పెట్టుకోని, అంత మంది కట్ట పొడుగుత చప్పుడు లేకుంట నడిచిపోయిన్రు. ఒక్క బాతు లేవలే.

గొడుగు ముడిచినంక కట్ట కాడికి వచ్చి, సారుకు పూసలు చూపిస్తుంటే నా నోట్లకెళ్లి "ఆకలైతున్నది" అని వచ్చింది. ఆడబిడ్డ నా మొఖం చూసుకుంట నిలవడ్డది. దుకాణాలన్ని మూసి ఉన్నయి. ఆ పొద్దు రిలే నిరాహార దీక్ష వంతు సారుది; పొద్దుగాల్నుంచి ఏం తినలే, లెక్క కాంగనే పోయి కూసోవాలె. అసోంటి మనిషి ఊరేగింపు ఎనుక ఉరికి, డప్పు కొట్టే ఒకాయన తువ్వాలల కట్టుకున్న సర్వపిండి రొట్టె ముక్క అడిగి తెచ్చిండు. చల్లగ, గట్టిగ ఉండె. నువ్వులు పండ్ల నడుమ ఇరికినయి. అల్లాకు శుక్ర్, మొత్తం తిన్న.

"దీక్షల ఉండి తిండి మోసుకొచ్చిన్రా సారూ?" అన్నది ఆడబిడ్డ.

"వాసన చూస్తె దీక్ష చెడదమ్మా" అన్నడు.

రాష్ట్రం వచ్చింది. నా తల నెరిసింది. నడుమ ఎన్నేండ్లు పోయినయో గని, ఆ సర్వపిండి తిన్న పొద్దు సంది అన్ని పూటలు ఆకలైతేనే తిన్న. ఇది చదివినోళ్లు, ఏ దేవునికి మొక్కేటోళ్లైనా, మీ మొక్కుల ఆ సారును ఒక్కపాలి యాది చేసుకోండ్రి.