గుడియాత్తం ముడి

ఉదయం ఆరు నలభైకి విమానం వెనక తలుపు తెరుచుకుంది. చలి లోపలికి వచ్చింది. మైనస్ పదకొండు. మేం ముప్ఫైమందిమి, మా మోకాళ్ళకు ఆనుకుని పెట్టెలు. దిగాక పరుగెత్తకూడదు, గట్టిగా మాట్లాడకూడదు, ఆరు రోజులు పడుకునే ఉండాలని డాక్టర్ ఆర్డర్. లడఖ్‌లో గాలి పలచన. బూటు లేసు కట్టుకోవడానికి వంగితే గుండె చెవుల్లో కొట్టుకుంటుంది.

నేను అరవదేశంలోని గుడియాత్తం వాణ్ణి. మాది తెలుగు మాట్లాడే నేత ఇల్లు. సైన్యంలో నా పని తుపాకీ కాదు, మూట. కొండ మీది పోస్టులకు కావలసిన కిరోసిన్, పిండి, మందులు వలలో కట్టి హెలికాప్టర్ కొక్కేనికి తగిలించి పంపాలి. ఎంతమంది శత్రువుల్ని చూశావని ఊళ్ళో అందరూ అడుగుతారు. ఒక్కణ్ణీ చూడలేదు. అక్కడ పద్నాలుగు నెలలు ఉన్నాను. నేను చేసిన హాని ఒక్కటే, అదీ మా వాడికే. తుపాకీతో కాదు, ముడితో. ఆ ముడి సంగతే చెబుతాను.

మా స్థావరం ఒక లోయ. ఒక పక్క గడ్డకట్టిన వాగు, ఇంకో పక్క గోధుమరంగు కొండ. మధ్యలో రన్‌వే, దాని చివర రాళ్ళు పరిచి చదును చేసిన హెలిప్యాడ్, భూమిలోకి దిగిన మూడు బంకర్లు. చెట్టన్నది లేదు. పొద్దున ఎగిరే పనులన్నీ పదకొండు లోపు ముగించాలి. పదకొండు దాటితే గాలి లేస్తుంది. ఆ గాలి ఒక్కో రోజు చెప్పకుండా ముందే వచ్చేది. హెలిప్యాడ్ పక్కన గడకు కట్టిన ఎర్రగుడ్డ వంక చూడకుండా ఎవడూ టీ కూడా తాగేవాడు కాదు.

నాతో ముఖ్యంగా ముగ్గురు. సుబేదార్ సాబ్ మా పెద్ద. తక్కువ మాట, ఎక్కువ చూపు. ఇంజన్ టెక్నీషియన్ పాలక్కాడు మనిషి, నాతో అరవంలోనే మాట్లాడేవాడు. మూడోవాడు హుక్ మనిషి. హెలికాప్టర్ తన నెత్తి మీద గాల్లో నిలబడి ఉండగా దాని కింద దూరి, మూట తాళ్ళ రింగును కొక్కేనికి తగిలించి, పక్కకు పరుగెత్తడం అతని పని. విజయనగరం వాడు. నన్ను మొదటి రోజు నుంచే అరవోడా అని పిలిచాడు.

ఆ మొదటి ఆరు రోజుల పడకలోనే నాకు అమెరికా పటం పరిచయమైంది. నవ్వకండి. మమ్మల్ని మోసుకొచ్చిన పెద్ద విమానం, నెత్తి మీద రెండు పంకాలు తిరిగే మూటలెత్తే హెలికాప్టర్, రెండూ ఆ దేశంలో తయారైనవే. నాకు అమెరికా అంటే ఒకే ఊరు. టెక్నీషియన్ ఆ మాట కొట్టేశాడు. పెద్ద విమానాన్ని కూర్చింది కాలిఫోర్నియాలో, దాని ఇంజన్లు చేసింది కనెక్టికట్‌లో. హెలికాప్టర్ ఒళ్ళు పెన్సిల్వేనియాది, గుండె అరిజోనాది. కాన్సాస్ అనే రాష్ట్రంలో గోధుమలూ పండిస్తారు, విమానాలూ చేస్తారు. మనం చెన్నైలో ఎక్కే ప్రయాణికుల విమానాల్లో కొన్నిటిని వాషింగ్టన్ రాష్ట్రంలో కూరుస్తారు. ప్రతి భాగానికీ గోరంత రేకు బిళ్ళ ఉంటుంది. దాని మీద నంబరు. ఆ నంబరు పట్టుకుని వెళితే అది ఏ రాష్ట్రంలో పుట్టింది, ఎవరు బిగించారు, ఎవరు చూసి సంతకం పెట్టారు, అన్నీ తెలుస్తాయట. దీంట్లో ఊరూ పేరూ లేని మేకు ఒక్కటీ లేదు అన్నాడు.

నాకు ఇది కొత్తగా తోచలేదు. మా గుడియాత్తంలో లుంగీ కూడా ఒక ఇంట్లో పుట్టదు. నూలుకు రంగు ఒకరు వేస్తారు. పడుగు, అంటే నిలువు పోగులు, ఇంకొకరు పోస్తారు. గంజి పెట్టేది వేరే వీధి. కండెలకు నూలు చుట్టేది ముసలమ్మలు. నేసేది మేం. అయితే అమెరికావాళ్ళు ఒక్కో రాష్ట్రాన్నీ ఒక్కో వీధి చేసుకున్నారన్నమాట అన్నాను. టెక్నీషియన్ ఒప్పుకున్నాడు. తేడా మాత్రం నాకు అప్పుడు తట్టలేదు. మా వీధుల్లో సంతకాలు ఉండవు.

హుక్ మనిషికి నా చదువు మీద దిగులు పట్టుకుంది.

"తెలుగు మాటాడతావు, తెలుగు సదవలేవు. ఇదేటి కతరా అరవోడా?"

"మా బడిలో అరవమే అప్పా. తెలుగు ఇంట్లో ఉండాది, పలక మీద లేదు."

మీ తెలుగులో సగం అరవం, మిగతా సగం అలవాటు అని తేల్చేశాడు. ఆ రోజు నుంచి పెట్టెల మూతలే పలకలు, పొయ్యిలో బొగ్గే బలపం. బాలశిక్ష ఎక్కడ దొరుకుతుంది? ఆ పెట్టెల మీద, బిళ్ళల మీద ఉన్న పేర్లే పాఠం. అ అంటే అరిజోనా. ఒ అంటే ఒహాయో. క అంటే కాన్సాస్. జ అంటే జార్జియా, నాలుగు పంకాల సరుకు విమానం ఆ రాష్ట్రానిదే. నేను మొట్టమొదట తెలుగులో రాసిన పెద్ద మాట పెన్సిల్వేనియా. న్సి దగ్గర మూడుసార్లు తప్పాను. మూడుసార్లూ చేయి పట్టుకుని దిద్దించాడు. పెద్ద చెయ్యి అతనిది, గరుకు. రాసేటప్పుడు మాత్రం మెత్తబడేది.

మూటలు కట్టే నైలాన్ వలలు మాకు రెండు. వాటి అంచున కుట్టిన గుడ్డముక్క మీద సౌత్ కరోలినా అని ఉంది. ఆ రాష్ట్రంలో ఒకప్పుడు అంతా నూలు మిల్లులేనట. అది విన్నప్పుడు నాకు పట్టలేనంత సంతోషం వేసింది. ఇంజన్లవాళ్ళు, రెక్కలవాళ్ళు సరే, ఆ గుంపులో మన నేతవాళ్ళు కూడా ఉన్నారు. ఆ వలను వేళ్ళతో తడిమి చూస్తే అల్లిక నాకు అర్థమయ్యేది. వాళ్ళూ నేతగాళ్ళే, నేనూ నేతగాణ్ణే అనుకున్నాను. కొంప ముంచింది ఆ చుట్టరికమే.

నేను వచ్చిన తొమ్మిదో నెల. చలికాలం ముందు పై పోస్టుకు ఆఖరి కిరోసిన్ పంపే రోజులు. మధ్యాహ్నం మూడింటికి రెండో వల మడతపెడుతుంటే వేలికి తగిలింది. ఒక వలకన్ను దగ్గర తాడు సగానికి పైగా కోసుకుపోయింది. రాళ్ళ మీద ఈడ్చినప్పుడు తెగి ఉంటుంది. ఆర్డర్ అందరికీ తెలిసిందే. చిరుగు కనపడితే ఎర్ర చీటీ కట్టాలి, సుబేదార్ సాబ్‌కు చూపాలి, వలను పక్కన పడేయాలి. మన చేత్తో బాగుచేయకూడదు, బరువు మోసే తాడు ముడి వేస్తే ఆ ముడి పక్కనే తెగుతుందంటారు. కొత్త వల కింది నుంచి రావాలి.

ఎర్ర చీటీ చేతిలోకి తీసుకున్నాను కూడా. పైవాళ్ళకు కిరోసిన్ అయిపోవస్తోందని వంటబంకర్‌లో అనుకుంటున్నారు. వాతావరణం మూసుకుంటోంది. అదే కారణమని చాలా కాలం నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. అసలు కారణం నా చేతులు. పడుగులో పోగు తెగితే మగ్గం ఆపి, ఎంగిలి తడి చేసి, చూపుడు వేలు మీద ముడివేసి, కొస కత్తిరించి మళ్ళీ నేయడం నాకు ఆరో ఏట వచ్చింది. నా ముడి దొరకబట్టిన వ్యాపారి లేడు. మా నాయన ఎప్పుడూ ఒకటే చెప్పేవాడు: "ముడి ఏసినోడికి తప్ప ఇంకెవురికీ ముడి కనపడకూడదప్పా."

నాలుగింటి నుంచి ఆరింటి దాకా పొయ్యి పక్కన కూర్చున్నాను. పాడైన ముక్క తీసేసి, పాత తాడులోంచి అదే లావు ముక్క తెచ్చి, రెండు వైపులా మా నేతముడి వేశాను. కొసలను అల్లికలోకి దూర్చేశాను. పొయ్యి మసి రాసి రంగు కలిపాను. కళ్ళు మూసుకుని తడిమితే నాకే దొరకలేదు. ఎర్ర చీటీని పొయ్యిలో వేశాను. ఆ సాయంత్రం అన్నం రుచిగా ఉంది, అదీ గుర్తుంది.

మరునాడు ఏడింటికి రేడియోలో సుబేదార్ సాబ్ గొంతు.

"లోడ్?"

"తయారు సాబ్."

"వలలు?"

"రెండూ బాగున్నాయి సాబ్."

ఏడు ముప్ఫై అయిదుకు మొదటి వల లేచింది. బాగానే వెళ్ళింది. హుక్ మనిషి రెండో వల పరుస్తున్నాడు. నేను డబ్బాలు అందిస్తున్నాను, ఇరవై లీటర్ల కిరోసిన్ డబ్బాలు, నలభై. అతను ఒకచోట వల మీద చేయి ఆపి నా వైపు చూసినట్టు అనిపించింది. తర్వాత మళ్ళీ పరిచాడు. సాయంత్రం పాఠం ఏటి అని అడిగాడు. మిచిగన్ అన్నాను. ఒక పంపు మీద ఆ పేరు చూశాను.

ఎనిమిది ఇరవైకి హెలికాప్టర్ తిరిగి వచ్చింది. ఎర్రగుడ్డ అంతవరకు వేలాడుతూ ఉంది. హెలికాప్టర్ మా నెత్తి మీద నిలబడ్డాక దాని గాలిలో ఆ గుడ్డ ఎటు కొట్టుకుంటోందో ఎవరికీ తెలియదు. అతను కింద దూరాడు. రింగు తగిలించాడు. బొటనవేలు పైకెత్తాడు. ఎడమకు పరుగెత్తాడు. తాళ్ళు బిగుసుకున్నాయి, మూట నేల విడిచింది, రెండు నిలువులు లేచింది. అప్పుడు లోయ నుంచి గాలి వచ్చింది. పదకొండు గంటల గాలి, ఎనిమిది ఇరవైకి. మూట ఊగింది. ఊగి ఎడమకే వచ్చింది.

చప్పుడు నాకు వినపడలేదు, ఆ ఇంజన్ల హోరులో ఏదీ వినపడదు. వలలో ఒక కన్ను వెడల్పు కావడం చూశాను. ఏ కన్నో నాకు తెలుసు. అందులోంచి ఒక డబ్బా జారింది, దాని వెనక ఇంకొకటి, ఇంకొకటి. మొదటి రెండూ రాళ్ళ మీద పడ్డాయి. మూడోది పరుగెత్తుతున్న అతని కుడి భుజం మీద పడింది.

మూటను నేలకు వదిలేసి, అతన్ని అదే హెలికాప్టర్‌లో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఎనిమిది నలభైకి హెలిప్యాడ్ ఖాళీ. వల పడి ఉంది. సుబేదార్ సాబ్ దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని తాడును వేళ్ళతో జరుపుతున్నాడు. ఆయన అడగకముందే నాదే సాబ్ అన్నాను. ఎర్ర చీటీ సంగతీ చెప్పాను. ఆయన కేకలు వేయలేదు. పైన ఇంకా తొమ్మిది రోజులకు కిరోసిన్ ఉంది, నువ్వు చీటీ కట్టి ఉంటే నేను ఆగేవాణ్ణి అన్నాడు. విచారణ జరిగింది. చేతి మీది హోదా పట్టీ ఒకటి పోయింది. అది పోయినందుకు నాకు బాధ లేదు, తక్కువే అనిపించింది.

పదకొండు రోజుల తర్వాత ఆసుపత్రికి వెళ్ళనిచ్చారు. అతని కుడి చెయ్యి భుజం నుంచి కట్లలో ఉంది. వేళ్ళు బయటికి ఉన్నాయి, కదలడం లేదు. ఇక కదలవని బయట నర్సు చెప్పింది. నేను మంచం పక్కన నిలబడ్డాను.

"ఆ ముడి నేనే ఏసినానప్పా."

"తెల్సు."

"ఎట్టా తెల్సు నీకు? ఎవురు చెప్పినారు?"

"వల పరుస్తున్నప్పుడే సూసినాను. నున్నగా ఉన్నాది. నువ్వేసిందే కదా, మరేటి భయం అనుకున్నాను."

తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి. అతను తిట్టలేదు. మిచిగన్ రాయడం వచ్చిందా అని అడిగాడు. రాలేదన్నాను.

మిగిలిన అయిదు నెలలు పని చేశాను. ప్రతి వలనూ రోజుకు రెండుసార్లు తడిమాను. ఎర్ర చీటీలు ఎంత కట్టానంటే కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను చీటీల మనిషి అనేవాళ్ళు. ఆ హెలికాప్టర్ నెత్తి మీదికి వచ్చిన ప్రతిసారీ టెక్నీషియన్ మాట గుర్తొచ్చేది. పెన్సిల్వేనియా ఒళ్ళుకు బిళ్ళ ఉంది, అరిజోనా ఇంజనుకు బిళ్ళ ఉంది, సౌత్ కరోలినా వలకు గుడ్డముక్క ఉంది. ఆ రోజు దాని కింద ఊరూ పేరూ లేకుండా వేలాడింది ఒక్కటే. అది మా ఊరిది.

సర్వీసు ముగిశాక కాట్పాడిలో రైలు దిగాను. కే.వి.కుప్పం మీదుగా బస్సు. మధ్యాహ్నం రెండున్నరకు ఇల్లు. ఎండ ఒళ్ళు కాలుస్తుంటే నాకు చలి వేసింది. నాయన మగ్గం మీద ఉన్నాడు, లేచి నాకు చోటిచ్చాడు. వారం తర్వాత నేనూ నేతకు కూర్చున్నాను. పోగు తెగినచోట ముడివేసి, కొసలు బెత్తెడు వదిలేశాను. ఇట్టా వదిలేస్తే యాపారి గుడ్డ తీసుకోడు అన్నాడు నాయన. కనపడనీ నాయనా అన్నాను. ఎందుకో ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు. నేను లేచి వెళ్ళాక కత్తెర తెచ్చి ఒక్కో కొసా కత్తిరిస్తాడు. ఆయన ముడి వేసి సరిచేసిన గుడ్డలు అరవై ఏళ్ళుగా జనం కట్టుకుంటున్నారు, ఎవరి భుజమూ పడిపోలేదు. ఆయనకు ఏమని చెప్పను?

ఇదంతా తెలుగులో రాస్తున్నాను. ఈ అక్షరాలు ఎవరు దిద్దించినవో మీకు తెలుసు.

కళ్ళు మూస్తే అతని భుజం కనపడదు. డబ్బా కనపడదు. ఎనిమిది నలభై, ఖాళీ హెలిప్యాడ్, కిరోసిన్ వాసన, సుబేదార్ సాబ్ అరచేతిలో తాడు ముక్క. తాడు తెగింది ముడి దగ్గర కాదు, ముడికి అర అంగుళం పక్కన. ముడి మాత్రం నేను వేసినట్టే ఉంది. నున్నగా, బిగువుగా, ఏమీ కానట్టు.