వేలిముద్రకు ముందు కాకా రావాలి

శుక్రవారం నాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ పిల్లల్ని బండిలో మెసయీద్ సముద్రం దగ్గరికి తీసుకెళ్ళి, దోహాలో అబూ హమూర్‌లోని ఇంటికి తిరిగొచ్చాను. సిలోన్ వంటామె గేటు దగ్గరే ఆపి చెప్పింది, ఆస్పత్రిలో కాకా పోయాడని. డ్యూటీ దిగి సాయంత్రం చూడబోదామనుకున్నాను. ఎవరితో చెప్పుకుని ఏడవాలి? ఆ ఇంట్లో తెలుగు వచ్చింది నాకొక్కడికే.

కాకా నాకు చుట్టం కాదు. ఆయనది కరీంనగర్ వైపు, నాది కడప వైపు. ఇక్కడి కోర్టులో బండి నడిపేవాడు, అరబ్బీ గడగడా మాట్లాడేవాడు.

నేను దోహాకి వచ్చిన కొత్తలో, పనిచేసే ఇంట్లో బంగారు గాజు కనపడలేదని నన్ను స్టేషన్‌కు పట్టుకెళ్ళారు. ఊళ్ళో బయల్దేరేటప్పుడు మావాళ్ళు నేర్పిన బుద్ధి ఒకటే: పెద్దోళ్ళు ఏమడిగినా 'అయివా' అను, అంటే అవునని, ఉద్యోగం నిలబడుతుంది. గాజు తీశావా? అయివా. అమ్మేశావా? అయివా. వేలు సిరాలో ముంచబోతుండగా, ఫైలు ఇచ్చిపోదామని వచ్చిన కాకా బల్ల మీద నా పాస్‌పోర్టు చూసి ఆగాడు.

"థూ, నీ బొంద! రేపు ఉరేస్తమన్నా అయివా అంటవా? ఏమడుగుతున్నరో ఎరికేనా?"

"తెలీదు సార్. పెద్దోళ్ళకు ఎదురు చెప్పకూడదని..."

తెలుగు వినేసరికి నాకు ఏడుపు ఆగలేదు. కాకా నా మాట ఆఫీసరుకు చెప్పాడు. ఆఫీసరూ ఓపిగ్గా విన్నాడు, వేలిముద్ర ఆపాడు. గాజు తర్వాత ఆ ఇంటి పరుపు కిందే దొరికింది.

అంతటితో ఊరుకునే మనిషా! స్టేషన్‌లో ఎవరికీ తెలుగు రాదు, కోర్టుకు కాగితంలో ఉన్నదే తెలుసు, ఎంబసీకి కబురే అందదు. "ముగ్గురూ మంచోళ్ళే తమ్మీ. ఒకల ముచ్చట ఒకలకు తెల్వదు, గంతే" అనేవాడు. ఆఫీసర్ని, కోర్టు గుమస్తాని, ఎంబసీ ఆయన్ని చాయ్ పేరు చెప్పి బతిమాలి ఒకచోట కూర్చోబెట్టాడు. చాలాసార్లు కూర్చున్నాక మాట కుదిరింది. తెలుగువాడు పట్టుబడితే స్టేషన్ ఆ రోజే ఎంబసీకి ఫోన్ చెయ్యాలి. కాకా వచ్చి తెలుగులో అడిగేదాకా వేలిముద్ర వద్దు. వాడు తెలుగులో చెప్పింది రాసిన కాగితం జతపడితేనే కోర్టు ఫైలు చూస్తుంది.

ఫోనొస్తే ముద్ద కంచంలోనే వదిలేసి పోయేవాడు. లోపలివాణ్ణి మొదట అడిగేది నేరం కాదు, తిన్నావా అని. "ముందుగాల బువ్వ, ఎన్క కేసు." ఇంటిదగ్గర ఆయన భార్యకు మాత్రం, ఊళ్ళో గల్ఫంతా దుబాయే కాబట్టి, దుబాయ్‌లో కారు నడుపుతాడనే తెలుసు.

ఆ సాయంత్రమే ఆస్పత్రికి వెళ్ళాను. మలయాళీ నర్సమ్మ హిందీలో చెప్పింది, పొద్దున్నంతా మాట్లాడుతూనే ఉన్నాడని.

"ఏమన్నాడు సిస్టర్?"

"మాకెవరికీ అర్థం కాలేదు భయ్యా. మత్తులో అరబ్బీ పోయి అంతా తెలుగే. తెలుగు వచ్చినవాళ్ళ కోసం వార్డంతా వెతికాం."

ఆమె ఖాళీ మంచం అంచున చెయ్యి వేసి, కాకా ఎలా తట్టాడో, ఎవరినో పక్కన కూర్చోమన్నట్టు, మెల్లగా తట్టి చూపించింది.