చీర ధరకు వచ్చిన వీసీఆర్

నిన్న మాలూరులో పాత సామాన్ల కొట్టు ముందు ఒక వీసీఆర్ కనబడింది. మన ఈడు వాళ్లకు గుర్తుందా, క్యాసెట్‌ను లోపలికి లాక్కునేటప్పుడు అది చేసే చప్పుడు?

బంగారు గనులు మూతపడి నాన్నకు పని పోయిన కాలం. సీడీలు గెలిచి క్యాసెట్లు ఓడిపోయాయి కాబట్టే, ఒకప్పుడు ఊరిగాంలో గని ఆఫీసర్ల ఇళ్లలో మాత్రమే ఉండే వీసీఆర్ ఒక చీర ధరకు మా క్వార్టర్స్‌కు వచ్చింది. దాన్ని అమ్మిన కొట్టతను పాత క్యాసెట్లు కూడా ఊరికే ఇచ్చాడు.

ఆదివారం చర్చి నుంచి రాగానే ఒకటి పెట్టాం. తెర మీద మా ఇల్లే! అదే పచ్చరంగు కిటికీ, అదే వంటగది. అందులో ఎవరో తెలియని ఆవిడ కూర్చుని ఉంది.

"మనకు ముందు ఈడ ఉన్నోళ్లేమో," అన్నాడు నాన్న.

ఆవిడ మా వైపు తిరిగి, "పాపా, ఇంగ రామ్మా," అంది.

నా పక్కనున్న నాలుగేళ్ల చెల్లి "వస్తాండానమ్మా" అంటూ లేచి వంటగదిలోకి నడిచింది.

"యాడికే?" అమ్మ వెనకే వెళ్లి చెల్లి చెయ్యి పట్టుకుంది.

"ఆయమ్మ దినామూ పిలుస్తాది గదమ్మా."

మర్నాడే నాన్న వీసీఆర్‌ను వెనక్కి తీసుకెళ్లాడు.

"ఇప్పుడు ఊరికే ఇచ్చినా ఎవురూ తీసుకోరన్నా. అందరికీ సీడీలే కావల్ల," అన్నాడట కొట్టతను.

పారేయడానికి మనసొప్పక నాన్న దాన్ని మళ్లీ ఇంటికే మోసుకొచ్చాడు. ఆ ఇల్లు ఖాళీ చేసేదాకా అమ్మ చెల్లిని వంటగదిలోకి ఒంటరిగా పోనివ్వలేదు.