అక్కడ మనవాళ్ళెవరైనా ఉన్నారా

మనవాళ్ళు ఏ ఊరికి బయల్దేరినా ముందు అడిగే ప్రశ్న ఒకటే: అక్కడ మనవాళ్ళెవరైనా ఉన్నారా? చూడాల్సినవేమిటి, చలెంత, తిండి దొరుకుతుందా అన్నవన్నీ తర్వాత. ఎయిర్‌పోర్ట్‌కి కారేసుకుని వచ్చేవాళ్ళు, ఇంత పరుపు వేసేవాళ్ళు, పొద్దున్నే ఇంత ఉప్మా పెట్టేవాళ్ళు ఒకరు దొరికితే చాలు, ఆ ఊరు మనదైపోతుంది. ఈ అలవాటును నేను తప్పు పట్టను. నేను ఉప్మా పెట్టి పంపినవాళ్ళు షికాగో చుట్టుపక్కల ఇప్పటికీ బోలెడుమంది ఉన్నారు. అందులో సగం మంది కనిపిస్తే పక్కకు చూస్తారు, అది వేరే సంగతి. ఆ ప్రశ్న లిథువేనియా రాజధాని దాకా వెళ్ళి, తిరిగొచ్చి నా నెత్తిన కూర్చుంటుందని మాత్రం అనుకోలేదు.

రెండువేల పది ప్రాంతంలో మేం షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో ఉండేవాళ్ళం. మా ఆయనకూ ఆయన స్నేహితులు ముగ్గురికీ కొద్ది నెలల తేడాలో గ్రీన్‌కార్డులు వచ్చాయి. దేశం దాటితే మళ్ళీ రానిస్తారో లేదోనని ఏళ్ళ తరబడి బిక్కుబిక్కుమంటూ కూర్చున్న మగవాళ్ళు ఒక్కసారిగా కట్లు తెంపుకున్నారు. ఆడవాళ్ళూ పిల్లలూ లేకుండా యూరప్ వెళ్ళొస్తామన్నారు. పారిస్ ఖరీదన్నారు. లండన్‌లో అంతా మనవాళ్ళే కనిపిస్తారన్నారు. చివరికి లిథువేనియాలోని విల్నియస్ దగ్గర ఆగారు. బీరు చవకట, ఊరు అందమైనదట. అంతవరకే మాకు చెప్పారు.

మిగతాది మా ఇంట్లో కంప్యూటర్ చెప్పింది. మా ఆయన మూయకుండా వదిలేసిన పేజీ ఒకటి తెర మీద ఉంది. ఆ ఊరికి కొత్తగా వెళ్ళేవాళ్ళకు సలహాలు. పగలు ఎక్కాల్సిన కొండ, చూడాల్సిన చర్చి, రాత్రి వెళ్ళాల్సిన బార్లు, ఆ కిందే అక్కడి అమ్మాయిలతో మాట కలపడం ఎలా, ఏం తాగించాలి, ఏం అడగకూడదు. కోటలూ అమ్మాయిలూ ఒకే వరసలో, సంతలో వంకాయలూ బెండకాయలూ కుప్పలు పోసినట్టు. నేను అడిగితే మా ఆయన నవ్వాడు. "ఊరికే చూశానే. చూస్తే అరిగిపోతుందా?" అన్నాడు. మగవాళ్ళ సరదా కదా అని నేనూ వదిలేశాను.

నేను అప్పుడు ఒక పళ్ళ డాక్టర్ ఆఫీసులో ఫ్రంట్ డెస్క్ దగ్గర పనిచేసేదాన్ని. అక్కడ పళ్ళు క్లీన్ చేసే ఆవిడది విల్నియస్. రోజూ షికాగోకి దక్షిణాన ఉన్న లెమాంట్ నుంచి అంత దూరం డ్రైవ్ చేసుకుని వచ్చేది. లంచ్ టైమ్‌లో ఇద్దరం ఒకే టేబుల్ దగ్గర కూర్చునేవాళ్ళం. ఆవిడ తెచ్చుకునే చల్లని గులాబీరంగు సూప్ చూసి మొదట్లో జడుసుకున్నాను. రుచి చూస్తే మజ్జిగలో బీట్‌రూట్ తురుమే, పైన సోంపు వాసన వచ్చే సోయాకూర. మా బీట్‌రూట్ పెరుగుపచ్చడికి చుట్టమే ఇది అన్నాను. ఆ రోజు నుంచి నా పెరుగన్నంలో ఆవిడకు వాటా, ఆవిడ సూప్‌లో నాకు వాటా. తెలుగువాళ్ళ మధ్య ఉన్నప్పుడు రాని ఊపిరి ఏదో నాకు ఆ టేబుల్ దగ్గర వచ్చేది. ఎవరి ఇల్లెంత, ఎవరి పిల్లాడు ఏ స్పెల్లింగ్ పోటీలో గెలిచాడు అన్న మాటలు లేని చోటు అమెరికాలో నాకు అదొక్కటే.

మా ఆయనకు ఈ సంగతి గుర్తొచ్చింది. "మీ ఫ్రెండ్ వాళ్ళది ఆ ఊరేగా? వాళ్ళ అమ్మ ఉంటుందన్నావు. ఒక మాట అడిగి చూడు. నలుగురమే, ఎలాగోలా సర్దుకుంటాం" అన్నాడు. నేను మొహమాటపడుతూనే అడిగాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. ఇన్నేళ్ళలో ఇక్కడివాళ్ళెవరూ మా ఊరు చూస్తామని అడగలేదు, హోటలేమిటి, మా అమ్మ ఊరుకోదు అంది. వాళ్ళ అమ్మ రిటైరైన మ్యూజిక్ టీచరు. చెల్లెలు పుస్తకాల షాపులో పనిచేస్తుంది. ఇద్దరూ చిన్న ఫ్లాట్‌లో ఉంటారు. ముందు గది ఖాళీ చేసి ఆ నలుగురికీ ఇచ్చారు.

వెళ్ళిన నలుగురిలో ఒకాయన పాటలాయన. ఏ ఇంట్లో పాట్‌లక్ పెట్టినా, సత్యనారాయణ వ్రతం చేసినా ఆఖర్న పాట ఆయనదే. గొంతు నిజంగానే బాగుంటుంది. ఆయన భార్యను నేను అక్క అంటాను. నా కాన్పు సమయానికి మా అమ్మకు వీసా రాకపోతే నాకు తల్లయింది ఆ మనిషే. వెల్లుల్లి కారం, పొడి కూరలు, పథ్యం అన్నీ వండి, మంచులో నడిచి తెచ్చిపెట్టింది. తన ఇద్దరు పిల్లల్నీ వెంటేసుకుని వచ్చి నా బిడ్డకు నలుగుపెట్టి నీళ్ళు పోసేది.

మగవాళ్ళు తిరిగొచ్చాక మా ఇంట్లోనే పాట్‌లక్ పెట్టుకున్నాం. టీవీలో ఫొటోలు వేశారు. కొండ మీద ఎర్ర ఇటుకల బురుజు, తెల్లటి పెద్ద చర్చి, దాని పక్కన విడిగా నిలబడ్డ గంటల గోపురం, పొద్దు వాలని సాయంత్రాలు, వెల్లుల్లి రాసి వేయించిన నల్లరొట్టె ముందు పెట్టుకుని బీరు గ్లాసులు. ఇంట్లో పియానో దగ్గర మ్యూజిక్ టీచరు కూర్చుని ఉంటే పక్కన పాటలాయన నిలబడి పాడుతున్నాడు. ఆయన తెలుగు పాట అందుకుంటే ఆవిడ వెతుక్కుంటూ స్వరాలు పట్టుకుందట. సగం ఫొటోల్లో నా స్నేహితురాలి చెల్లెలు ఉంది. గైడ్ అన్నారు. అక్క కింద కూర్చుని చిన్నపిల్లకు పులిహోర తినిపిస్తూ టీవీ వైపు చూసి, "మంచి పిల్ల గదా, మిమ్ముల మంచిగ చూసుకుంది" అంది. మిగతా ముగ్గురు మగవాళ్ళూ పళ్ళేల్లోకి చూసుకున్నారు. అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఆకులు రాలే రోజుల్లో ఒక మధ్యాహ్నం లంచ్ దగ్గర నా స్నేహితురాలు సిగ్గుపడుతూ ఒక చిన్న సంచి తీసింది. లోపల తేనెరంగు పూసల దండ. వాళ్ళ దేశపు సముద్రం ఒడ్డున దొరికే పూసలు. వాళ్ళ అమ్మ పంపింది, మా పాటలాయన తల్లికట. మీ పద్ధతిలో పెళ్ళికి ముందు అత్తగారికి ఏమివ్వాలో అమ్మకు తెలియదు, ఇది సరిపోతుందా అని అడిగింది. ఏ పెళ్ళి అని అడిగాను. మెల్లగా ఒక్కొక్కటీ చెప్పింది. ఆయన ఆ ఇంట్లో పెళ్ళి కాలేదని చెప్పాడు. మా చెల్లెలిని ఆ ఊరి వాగు ఒడ్డున తిప్పాడు. వచ్చాక రోజూ ఆఫీసు నుంచి స్కైప్‌లో మాట్లాడుతున్నాడు. ఆ పిల్ల క్రిస్మస్‌కి షికాగో రావడానికి టికెట్ కొంది. ఉద్యోగం నెలాఖరుకి మానేస్తానని షాపులో చెప్పబోతోంది.

"అమ్మ అంత తేలిగ్గా నమ్మలేదు. మొదటి రోజే ఆయన చేతులు చూసింది. ఉంగరం లేదు" అంది.

ఉంగరం లేదు. నిజమే. నా మెడలో నల్లపూసలు ఉన్నాయి, సాక్సుల లోపల మెట్టెలు ఉన్నాయి. అక్క మంగళసూత్రం పిల్లలు లాగి లాగి గొలుసు తెగితే పసుపుతాడు కట్టుకుని తిరిగింది తప్ప మెడ బోసిగా ఉంచలేదు. మన మగవాళ్ళ ఒంటి మీద పెళ్ళాం ఉన్న ఆనవాలు ఒక్కటీ ఉండదు. ఆ సంగతి ఆ పెద్దావిడకు ఎవరు చెప్తారు? చెప్పాల్సిన మగవాళ్ళు ముగ్గురు ఆవిడ టేబుల్ దగ్గరే కూర్చుని బంగాళాదుంప ఉండలు తిన్నారు.

తలనొప్పిగా ఉందని చెప్పి ఆ పూట ముందే ఇంటికొచ్చేశాను. మా ఆయన రాగానే అడిగాను. ఆయన తేలు కుట్టిన దొంగలా బూట్లు విప్పుకుంటూ కూర్చున్నాడు.

"అది సీరియస్‌గా తీసుకుంటుందని ఎవడికి తెలుసు?" అన్నాడు.

"పెళ్ళి కాలేదని చెప్పినప్పుడు నువ్వు పక్కనే ఉన్నావా, లేదా?"

"ఉంటే? అందరి ముందూ వాడి పరువు తీయమంటావా?"

"ఆ ఇంట్లో, వాళ్ళ కూడు తింటూ? తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఇదే."

"అబ్బా, నీకెందుకే? వాళ్ళ ఫ్యామిలీ మేటర్. వాడే ఏదో చెప్పి ఆపుతాడు. నువ్వు మధ్యలో దూరి గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తేకు" అని టీవీ పెట్టుకున్నాడు.

నాకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెప్తే అక్క కాపురం రచ్చకెక్కుతుంది. చెప్పకపోతే ఆ పిల్ల ఉద్యోగం వదులుకుని, సూట్‌కేసుతో వచ్చి ఓహేర్ ఎయిర్‌పోర్ట్‌లో నిలబడుతుంది. అక్కకు ముందు చెప్దామని ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. పిల్లలకు అన్నం పెడుతున్నట్టుంది, వెనక అరుపులు వినపడ్డాయి. "ఏం కూర చేసినవ్?" అని అడిగింది. దోసకాయ పప్పు అని చెప్పి పెట్టేశాను. మర్నాడు ఆఫీసుకి వెళ్ళి నా స్నేహితురాలికి మొత్తం చెప్పేశాను. ఆయనకు భార్య ఉంది, ఇద్దరు పిల్లలున్నారు, ఆ భార్య నాకు అక్కలాంటిది అని.

ఆవిడ ఏడవలేదు. నేను తిరిగిచ్చిన పూసల దండను తన సంచిలో పెట్టుకుంది.

"మా అమ్మ ఇంటికి పంపినప్పుడు ఆయనకు పెళ్ళయిందని నీకు తెలుసు కదా" అంది.

"తెలుసు. కానీ ఇలా చేస్తాడని నాకెలా తెలుస్తుంది?"

"నీ భర్తకు తెలుసు. అందరూ కలిసి మా అమ్మ దగ్గర కూర్చున్నారు. మీకు మా ఇల్లు ఒక టూరిస్ట్ బార్ లాంటిదే."

మీరు అనే మాటలో నన్నూ కలిపేసింది. ఆ రోజు నుంచి ఆవిడ తన లంచ్ తీసుకుని వెళ్ళి పార్కింగ్‌లో కార్లో కూర్చుని తినేది. చలి ముదిరాక కూడా అంతే. నేను టేబుల్ దగ్గర ఒక్కదాన్నే డబ్బా తెరుచుకునేదాన్ని.

నా స్నేహితురాలు పాటలాయనకు ఫోన్ చేసి నిలదీసిందట, సంగతి మనవాళ్ళందరికీ పాకింది. అక్క ఆ వారంలోనే మా ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు, తలుపు దగ్గరే చెప్పులు విప్పకుండా నిలబడింది.

"నాకు చెప్పకుండ ముందు ఆమెకెట్ల చెప్పినవ్? నేనేమైత నీకు?" అంది.

"ఫోన్ చేశానక్కా. చెప్పలేకపోయాను."

"నాకు చెప్తే నేను చూసుకుంటుంటి. ఇప్పుడు ఎక్కడికి పోయినా అందరు నా మొహమే చూస్తున్నరు. కడుపు చించుకుంటె కాళ్ళ మీద పడ్తదంటరు. నువ్వు నా కడుపు చించి బజార్ల పెట్టినవ్."

ఆ మాట న్యాయం కాదు. కానీ అందులో కొంత న్యాయం ఉంది, అదే నన్ను ఎక్కువ కాల్చింది. చేసినవాడిని ఆమె వాకిట్లో నిలబెట్టి ఒక మాట అన్నదో లేదో నాకు తెలియదు. మరుసటి శ్రావణానికి వరలక్ష్మీ వ్రతం తాంబూలానికి షామ్‌బర్గ్‌లో అందరినీ పిలిచింది, నన్ను తప్ప. ఉగాదికి తెలుగు సంఘం స్టేజీ మీద పాటలాయన యథాప్రకారం పాడాడు. చప్పట్లు కూడా యథాప్రకారమే.

నా స్నేహితురాలు ఆ ఉద్యోగం మాని లెమాంట్ దగ్గర ఇంకో చోట చేరింది. వెళ్ళే రోజు మాత్రం నా డెస్క్ దగ్గర ఆగింది.

"మా చెల్లెలు టికెట్ కాన్సిల్ చేసుకుంది. కానీ ఇప్పటికీ నువ్వు అబద్ధం చెప్పావనే అంటోంది. ఆయన చెప్పాడట, నీకు ఆయనంటే ఎప్పటినుంచో మనసుందని, అందుకే చెడగొట్టావని" అంది. నువ్వు నమ్ముతున్నావా అని అడిగాను. నాకు ఇప్పుడు మీలో ఎవరిని నమ్మాలో తెలియడం లేదు అని వెళ్ళిపోయింది.

ఆయన అన్న ఆ మాట విల్నియస్ దాకా పోయి అక్కడే ఆగుతుందనుకున్నాను. మనవాళ్ళ మధ్యకు కూడా వచ్చింది. ఒకరిద్దరు ఆడవాళ్ళు గ్రోసరీ షాపులో నన్ను చూసి బండి పక్క వరసలోకి తిప్పారు. నేను పట్టించుకోలేదు. పట్టించుకోలేదని నాకు నేను చెప్పుకున్నాను.

ఒక సాయంత్రం మా ఆయనకు అన్నం వడ్డిస్తున్నాను. విల్నియస్‌లో ఆ టేబుల్ దగ్గర కూర్చుని, పెళ్ళి కాలేదన్న అబద్ధం విని, నవ్వి ఊరుకున్న మనిషి. ఏం జరిగిందో ఆద్యంతం నాకన్నా ముందు తెలిసిన మనిషి. ఆయన కంచంలో వేలు తిప్పుతూ, నా వైపు చూడకుండా అడిగాడు.

"వాడు అన్నదాంట్లో ఏమీ లేదు కదా?"

నెయ్యి గిన్నె ఆయన ముందు పెట్టాను. లేదని చెప్పడానికి నాకు మనసొప్పలేదు. లేదంటే, అలా అడగడం సబబేనని ఒప్పుకున్నట్టే. చాలా ఏళ్ళయింది. ఆయన మళ్ళీ అడగలేదు, నేను ఇప్పటికీ చెప్పలేదు.