కోటవురట్ల దారిలో మదర్ సమాధి కోసం

ఆరున్నరకల్లా బయలుదేరాలని మా ఉపదేశి ప్రకాశం గారు ఆదివారం పూజ తర్వాత మూడుసార్లు చెప్పారు. అనకాపల్లిలో మా చర్చి గేటు ముందు మినీబస్సు కదిలేసరికి ఏడుంబావు. ఆలస్యం చేసింది ఆయనే. బ్యానర్ కట్టడం ఎంతకీ తెమల్లేదు. "మనం వెళ్తున్నది సమాధి వెతకడానికండీ, ఎన్నికల ప్రచారానికి కాదు" అన్నాను. అందరూ నవ్వారు. ఆయన మాత్రం ముడి బిగిస్తూనే ఉన్నారు.

వెతకబోయేది మదర్ అగత సమాధి. ఆడపిల్లలకు బడి పెట్టి, నాలాంటివాళ్లను డిగ్రీ దాకా తోసిన మా సిస్టర్ల మఠానికి ఆవిడే మూలం. కోటవురట్ల అవతలి పల్లెలో మందులిస్తూ జ్వరంతో పోయారనీ, ఒక చెరకుతోట గట్టున సమాధి చేశారనీ మఠం పాత డైరీలో ఉంది. ఎవరి తోటో అందులో రాసి లేదు. మా సిస్టర్ రెజీనా రెండుసార్లు వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చారు. డెబ్బై తొమ్మిదేళ్ల ఆవిణ్ణి వచ్చే వారం బెంగళూరులో వృద్ధ సిస్టర్ల ఇంటికి పంపేస్తున్నారు. "ఆమె దగ్గర ఒక్క జపమాల చెప్పుకుని పోతానే" అన్నారు నాతో. ఎవరితోనైనా వాదిస్తాను గానీ, నాకు ఐదో తరగతి చెప్పిన ఆవిడతో నావల్ల కాదు.

ఎనిమిదింటికి యలమంచిలిలో ఇడ్లీ. అల్లం చట్నీ ఘాటుగా బాగుంది. అడ్డురోడ్డు దగ్గర హైవే వదిలి కుడికి తిరిగాక బస్సంతా పాటలే. నా గొంతు బాగుండదని తెలిసీ నేనే అందరికంటే గట్టిగా పాడాను.

తొమ్మిదిన్నరకు పల్లె చేరి గట్ల వెంట నడిచాం. సిలువ కోసం ప్రతి రాయీ చూశాం. ఒకచోట పసుపు కుంకుమలు దట్టంగా మెత్తిన రాయి, దాని ముందు ఆకులో బెల్లం. "అమ్మవారి గద్దె, చెప్పులతో అటు వెళ్లకండి" అని అందర్నీ పక్కకు తప్పించింది నేనే.

పన్నెండయింది. సిస్టర్ రెజీనా మోకాళ్లు వాచి గట్టు మీద కూలబడ్డారు. ప్రకాశం గారు నా చెవి దగ్గర, "ఇక్కడే ఒక కర్ర సిలువ పాతేద్దామండీ, ఆవిడ తృప్తి కోసం" అన్నారు.

"అబద్ధం ముందు జపమాల చెప్పిస్తారా?" అని లేచాను. మా అరుపులకు పక్క తోటలో బెల్లం పొయ్యి దగ్గరున్న ఒకావిడ చెంబుతో నీళ్లు పట్టుకుని వచ్చింది. పేరు అప్పలనరసమ్మ.

"ఏటమ్మా, పొద్దున్నుంచి ఎతుకుతున్నారు, గొలుసు గానీ పడిపోనాదేటి?"

"ఇక్కడ మందులిచ్చిన సిస్టర్ సమాధి కోసం" అన్నాను.

"సిస్టరమ్మా? ఆవిడి ముందు నుంచే మూడుసార్లు ఎల్లేరు కదమ్మా! పక్కకి తొలిగి మరీ ఎల్లేరు. మడి మనుసులేమో అనుకున్నాను."

మమ్మల్ని ఆ పసుపు రాయి దగ్గరికే తీసుకెళ్లింది. "మా తాతమ్మకి కాన్పు కట్టమైతే ఈవిడే బతికించిందంట. ఏటేటా పెనంలో తొలి బెల్లం ఈవిడికే. ఈవిడికి పెట్టందే మేం నోట్లో ఏసుకోం" అంటూ అరచేత్తో రాయిని రుద్దింది. పసుపు పొర కింద చెక్కిన సిలువ!

"నీళ్లు తెండి, ఈ పసుపంతా కడిగేద్దాం" అన్నారు ప్రకాశం గారు. నిజం చెప్పాలంటే నా చెయ్యి కూడా చెంబు మీదికి వెళ్లింది.

"కడగొద్దు" అన్నారు సిస్టర్ రెజీనా. "ఇన్నేళ్లూ మనం ఈవిడ దాకా రాలేదు. వచ్చినవాళ్లు పూసింది తుడవడానికి మనమెవరం?"

సిస్టర్ కింద కూర్చుని జపమాల మొదలుపెట్టారు. మేం జవాబు చెప్పాం. అప్పలనరసమ్మ చేతులు జోడించి నిలబడింది. మా కొవ్వొత్తి గాలికి ఆరిపోతుంటే కొంగు అడ్డుపెట్టింది.

"నేనింక రాలేనమ్మా" అన్నారు సిస్టర్, లేస్తూ.

"మీరు రాపోతే ఏటి, మేం సూసుకుంటాం కదా! బెల్లం తినెల్లండి."

వేడి వేడి బెల్లం తిన్నాను. ఇన్నేళ్లు అనకాపల్లిలో ఉండి అంత రుచి ఎరగను. వెళ్లదలిచినవాళ్లు చెరకు ఆడే రోజుల్లోనే వెళ్లండి. సిలువ కోసం వెతక్కండి, బెల్లం పొయ్యి దగ్గర అడగండి.

మూడింటికి తిరుగు ప్రయాణం. బస్సులో ప్రకాశం గారు మఠానికి పంపాల్సిన నివేదిక రాయడం మొదలుపెట్టారు. "మన చర్చి వారు సమాధిని కనుగొన్నారు" అని పైకి చదివారు.

నేను నోరు తెరిచేలోపే, నిద్రపోతున్నారనుకున్న సిస్టర్ రెజీనా కళ్లు మూసుకునే అన్నారు: "కొట్టెయ్ ప్రకాశం. అప్పలనరసమ్మ చూపించింది అని రాయి."