మా వారి గుండె, నేను తప్పిన ఒట్టు

మొన్న సెలవు మీద సైన్యం నుంచి మండపేట వచ్చిన మా మేనల్లుడికి వేడివేడి పకోడీలు పెడితే, "వద్దత్తయ్యా, మా యూనిట్లో గుండె పరీక్షలు చేశారు, నాకు కొలెస్ట్రాల్ ఎక్కువుందన్నారు" అంటూ పళ్లెం పక్కకి జరిపాడు. వాడంత మామూలుగా చెబుతుంటే, ఉత్తరాదిన ఓ చలి ఊళ్లో మేమున్న మిలిటరీ క్వార్టర్స్ గుర్తొచ్చాయి నాకు.

అప్పటికి మా వారు హవల్దారు. పరుగు పందేల్లో ఎప్పుడూ ఆయనే ముందు, అందుకని అలాంటి మనిషికి జబ్బేమిటని ఆయనే కాదు, నేనూ అనుకునేదాన్ని. కొండల మీద డ్యూటీలో చలికి అలవాటైన సిగరెట్లు కిందికి వచ్చాక కూడా మానలేదు, నేనేమో ఊరి నుంచి ట్రంకుపెట్టె నిండా ఆవకాయ, అప్పడాలు మోసుకెళ్లి, కష్టపడే మనిషి కదా అని కంచంలో నెయ్యి ధారగా పోసేదాన్ని.

ఓ శీతాకాలం పొద్దున్న పరుగుకెళ్లినాయన తొందరగా తిరిగొచ్చి, ఆ చలిలో చెమటలు కక్కుతూ మంచం మీద కూలబడ్డారు. కుర్రతనంలో రైసుమిల్లులో మోసిన బస్తా ఒకటి ఛాతీ మీద పెట్టినట్టుందన్నారు. కాసేపటికి తగ్గేసరికి గ్యాసని తేల్చేసి, ఎవరికీ చెప్పనని నాచేత ఒట్టు వేయించుకున్నారు. నాయబ్ సుబేదారు ప్రమోషను దగ్గర పడింది, ఇప్పుడు మెడికల్ కేటగిరీ, అంటే ఒంటి దారుఢ్యానికి సైన్యమిచ్చే గ్రేడు, తగ్గితే అది చెయ్యి దాటిపోతుందని ఆయన భయం.

ఒట్టయితే వేశాను. కానీ ఎదురు క్వార్టర్లో ఉండే పంజాబీ అక్క భర్త అంతకు ముందు ఏడాదే పరుగులో పడిపోయి మరి లేవలేదు. ఆవిడ సామాన్లు లారీకెక్కించుకుని వెళ్లడం నేను చూశాను. పాలు తెస్తానని చెప్పి, తిన్నగా మిలిటరీ ఆసుపత్రికి నడిచి, వచ్చీరాని హిందీలో డాక్టరమ్మకి అంతా చెప్పేశాను. కెప్టెను హోదాలో ఉన్న ఆ మలయాళీ అమ్మాయి నాకన్నా చిన్నది, వెంటనే బండి పంపింది.

"నా నోటి దగ్గర ముద్ద లాగేశావు కదే" అన్నారు మా వారు బండెక్కుతూ. ముద్ద పోతే పోయింది, మనిషి దక్కితే చాలనుకున్నాను.

గుండెకు రక్తం వెళ్లే నాళం బాగా సన్నబడిందని పెద్దాసుపత్రిలో తేలింది. వైద్యం జరిగింది. కేటగిరీ తగ్గింది, ప్రమోషనూ ఆగింది, ఆయన నాతో మాట్లాడడం కూడా మానేశారు. చివరికి డాక్టరమ్మే దారి చూపింది. కుర్ర జవాన్లు డాక్టర్ల మాట వినరు, పరుగులో మీ వెనక పడ్డవాళ్లు మీ మాట వింటారు, మీరే చెప్పండని ఆయన్ని మైదానంలో నిలబెట్టింది. ఆ రోజు ఆయన, "నేను దాచాను. మా ఆవిడ చెప్పబట్టి మీ ముందు నిలబడ్డాను" అన్నారట. డాక్టరమ్మ చెబితేనే నాకు తెలిసింది, ఇంట్లో మాత్రం ఆ మాట ఈరోజుకీ అనలేదు. కొందరు జవాన్లు ఆ తర్వాత వాళ్లంతట వాళ్లే పరీక్షకి వెళ్లారు. సిగరెట్లు పోయాయి, నా వంటలో ఉప్పూ నెయ్యీ తగ్గాయి, కేటగిరీ మెరుగుపడి, ఆలస్యంగానైనా భుజం మీదికి నాయబ్ సుబేదారు స్టారొచ్చింది. ఇప్పుడాయన రిటైరై, మండపేటలో పొద్దున్నే కాలవ గట్టున ఇరుగుపొరుగు వాళ్లను వెంటేసుకుని నడుస్తున్నారు.

మా రోజుల్లో జవానుకి కాలు విరిగితే గొప్ప, ఛాతీ నొప్పి వస్తే సిగ్గు. మొగుడి ముఖం చూసి నొప్పి కనిపెట్టడం మా తరం ఆడవాళ్ల పని, ఇప్పుడా పని మిషన్లు చేస్తున్నాయి. ఆ చూపుకి విలువ తగ్గిందని ఓ పక్క చిన్న దిగులు లేకపోలేదు గానీ, మా కళ్లు ఎన్ని ఇళ్లలో పొరబడ్డాయో తలుచుకుంటే, మిషనే నయమనిపిస్తుంది.